క్యాజువాలిటీ పోస్టింగ్: టెన్షన్ గురించి, నేర్చుకోవడం గురించి హౌస్ సర్జన్లు తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాజువాలిటీ (ఆసుపత్రి అత్యవసర విభాగం) పోస్టింగ్ దగ్గరపడేసరికి ప్రతి బ్యాచ్ నుంచీ ఇవే సందేహాలు వస్తాయి. కొందరు డ్యూటీ రూములో అడుగుతారు, కొందరు అర్ధరాత్రి మెసేజ్ పెడతారు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఒకచోట చేర్చాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని హౌస్ సర్జన్లను (ఎంబీబీఎస్ ఇంటర్న్‌లను) దృష్టిలో పెట్టుకుని రాసినా, ఫైనలియర్ వాళ్లకూ ఉపయోగపడుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇక్కడ చెప్పిన మోతాదులన్నీ పెద్దవాళ్లకు. మీ యూనిట్ ప్రోటోకాల్ వేరేగా ఉంటే దాన్నే పాటించండి.

## పోస్టింగ్‌కు ముందు

వచ్చే వారం నుంచి క్యాజువాలిటీ. ఇప్పటి నుంచే గుండె దడ, నిద్ర పట్టడం లేదు. నేను ఈ పనికి పనికిరానా?

పనికొస్తారు. ముందున్న పని పెద్దదని శరీరం గుర్తించింది, అంతే. దడకూ పనికిరాకపోవడానికీ సంబంధం లేదు.

ఒత్తిడికీ నేర్చుకోవడానికీ ఉన్న లంకె గురించి యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు 1908లోనే ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. పని తేలికైనప్పుడు ఒత్తిడి ఎక్కువగా ఉన్నా ఎలుకలు నేర్చుకున్నాయి. పని కష్టమయ్యే కొద్దీ తక్కువ ఒత్తిడిలోనే బాగా నేర్చుకున్నాయి. మనుషుల విషయం అంత సూటిగా ఉండదు కానీ, క్యాజువాలిటీలో రోజూ కనిపించేది దాదాపు ఇదే. క్యాన్యులా వేయడం చేతికి అలవాటైనవాళ్లు ఎంత గందరగోళంలోనైనా వేస్తారు. చేయి ఇంకా తిరగనివాళ్లకు అదే గందరగోళంలో వెయిన్ కూడా కనిపించదు.

కాబట్టి భయం పోగొట్టుకోవడానికి తంటాలు పడకండి. కష్టంగా అనిపించే పనుల్లో మూడు నాలుగింటిని ఈ వారంలోనే తేలిక చేసుకోండి. క్యాన్యులా, ఏబీజీ (ధమని నుంచి రక్తం తీసే పరీక్ష), రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టం), ఊపిరి అందించే అంబు బ్యాగ్‌తో మాస్క్ బిగించి పట్టుకోవడం. వార్డులో నిలకడగా ఉన్న పేషెంట్ల దగ్గర పీజీ (పై చదువు చేస్తున్న సీనియర్ డాక్టర్) పక్కన ఉండగా చేస్తే, క్యాజువాలిటీకి వెళ్లేసరికి వాటి గురించి ఆలోచించాల్సిన పని ఉండదు.

పోస్టింగ్ రెండు వారాలే కదా. ఏం చదివి వెళ్లాలి?

ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2021 ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం క్యాజువాలిటీకి 2 వారాలే. లావుపాటి పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెడితే టెన్షనే మిగులుతుంది. మన జిల్లాల్లో తలుపు తోసుకుని వచ్చే కేసులేవో చూసుకుని వాటితో మొదలుపెట్టండి: బైక్ యాక్సిడెంట్లు, పురుగుల మందు, పాము కాటు, ఛాతీ నొప్పి, పక్షవాతం, ఫిట్స్, షుగర్ పడిపోవడం.

అన్నిటికీ ఆధారం ఏ, బీ, సీ, డీ, ఈ వరస: ఎయిర్‌వే (శ్వాసదారి), బ్రీతింగ్ (ఊపిరి), సర్క్యులేషన్ (రక్తప్రసరణ), డిజబిలిటీ (స్పృహ), ఎక్స్‌పోజర్ (ఒళ్లంతా చూడటం). ఇది పరీక్ష కోసం పుట్టిన సూత్రం కాదు. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే సర్జన్ తన చిన్న విమానం నడుపుతుండగా అది కూలిపోయింది. భార్య చనిపోయారు, పిల్లలు గాయపడ్డారు. అక్కడి చిన్న ఆసుపత్రిలో పిల్లలకు అందిన వైద్యం చూసి, గాయపడ్డవాళ్లను ఎవరైనా ఒకే క్రమంలో చూసేలా డాక్టర్లకు నేర్పాలని ఆయన పట్టుబట్టారు. గాయాల చికిత్స నేర్పే ఏటీఎల్‌ఎస్ శిక్షణ అలా మొదలైంది. కంగారులో ఏది ముందో తేల్చుకోలేని డాక్టరు కోసమే ఆ వరస ఉంది, అంటే మీకోసమే.

ఆర్గానోఫాస్ఫరస్ పురుగుల మందు తాగిన కేసులో విరుగుడుగా అట్రోపిన్ ఎలా ఇస్తారో క్షుణ్ణంగా తెలుసుకుని వెళ్లండి. 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూల్స్ 3 నుంచి 5 వరకు ఐవీ (నరంలోకి) ఇచ్చి, 5 నిమిషాలకు మళ్లీ చూడాలి. మార్పు లేకపోతే మోతాదు రెట్టింపు. ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా, పల్స్ 80 దాటిందా, సిస్టాలిక్ బీపీ 80 దాటిందా, చంక పొడిబారిందా అని చూసుకుంటూ వెళ్లాలి. కొత్తవాళ్లు ఎక్కువగా కంటిపాపనే చూస్తూ ఉండిపోతారు. ముందు చూడాల్సింది ఛాతీని.

పాము కాటులో 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష హౌస్ సర్జన్ చేతిలో పని. కొత్త, పొడి గాజు టెస్ట్‌ట్యూబ్‌లో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత ఒంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబులోనో, సబ్బుతో కడిగిన ట్యూబులోనో చేస్తే ఫలితం నమ్మడానికి ఉండదు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో వచ్చి, రెప్పలు వాలిపోతుంటే పాము సంగతి మీకే గుర్తుకు రావాలి. ఇంటివాళ్లు చెప్పరు, వాళ్లకూ తెలిసి ఉండదు.

చదివిందంతా అక్కడికెళ్లాక గుర్తుకు రాదేమోనని భయం. ఎలా?

ఈ భయానికి ఆధారం ఉంది. ఒత్తిడిలో కార్టిసాల్ పెరిగినప్పుడు అంతకుముందు నేర్చుకున్నదాన్ని బయటికి తీయడం కష్టమవుతుందని పరిశోధనల్లో తేలింది. మళ్లీ మళ్లీ చదివితే ఆ ఇబ్బంది పెద్దగా తగ్గదు. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం సాధన చేస్తే తగ్గుతుంది. అలా తమను తాము పరీక్షించుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు 2006లో చూపించారు.

హాస్టల్ రూములో లేచి నిలబడి పైకి చెప్పండి. "కార్డియాక్ అరెస్ట్. నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, రెండు నిమిషాలకు మనిషి మారాలి, అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము ప్రతి 3 నుంచి 5 నిమిషాలకు." రూమ్మేట్ నవ్వితే నవ్వనివ్వండి, తర్వాత వాళ్లతోనూ చెప్పించండి. పోస్టింగ్‌కు ముందురోజు ఒకసారి క్యాజువాలిటీకి వెళ్లి, సిస్టర్‌ని అడిగి ఎమర్జెన్సీ ట్రాలీ సొరుగులు తెరిచి చూడండి. అడ్రినలిన్ ఎక్కడ, సక్షన్ ఎక్కడ, ఆక్సిజన్ సిలిండర్ తాళం ఎవరి దగ్గర. ఈ పది నిమిషాల పని రెండు రాత్రుల చదువు కంటే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

## డ్యూటీలో

సీరియస్ పేషెంట్ రాగానే బుర్ర బ్లాంక్ అయిపోతోంది. ఆ క్షణంలో ఏం చేయాలి?

చేతికి పని ఇవ్వండి. బుర్ర వెనకే వస్తుంది. ఒకేసారి మనసులో పట్టుకోగలిగేవి నాలుగైదు విషయాలకు మించవు. అరుపులు, రక్తం, పోలీసు, పీజీ గొంతు కలిసి ఆ చోటంతా ఆక్రమించేస్తాయి. అందుకే మొదటి నాలుగు పనులు ఆలోచించకుండా చేసేలా పెట్టుకోండి: ఆక్సిజన్, మానిటర్, ఐవీ లైన్, జీఆర్‌బీఎస్ (వేలి నుంచి చూసే షుగర్ పరీక్ష). డయాగ్నోసిస్ ఏదైనా ఇవి చేసినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. స్పృహ లేకుండా వచ్చిన పేషెంట్‌కు షుగర్ 38 అని తేలితే అక్కడే సగం పని అయిపోయినట్టు.

చేసేది పైకి చెబుతూ చేయండి. "ఎయిర్‌వే క్లియర్, శాచురేషన్ 86, ఆక్సిజన్ పెడుతున్నా." మీ ఆలోచన దారిలో పడుతుంది, దాటేసింది ఏదైనా ఉంటే పక్కనున్న సిస్టర్ అందుకుంటారు. ఒక్కసారి ఊపిరి నెమ్మదిగా వదలండి, దానికి మూడు సెకన్లు చాలు.

మోతాదులు మాత్రం నోటి లెక్కలతో వేయొద్దు. కెనడాలో పారామెడిక్‌లతో ఒత్తిడి కలిగించే సన్నివేశం చేయించిన వెంటనే మందుల లెక్కలు ఇస్తే, ఎప్పటికంటే ఎక్కువ తప్పులు వచ్చాయి. ఆ అధ్యయనం 2005 నాటిది. వాళ్లు అనుభవం ఉన్నవాళ్లే. చిన్న కాగితం మీద రాయండి, సిస్టర్‌కు చూపించి చదివించండి, ఇచ్చాక "ఇచ్చాం" అని వాళ్ల నోట వినండి.

పీజీలు అందరి ముందూ తిడుతున్నారు. తిడితేనే గుర్తుంటుంది అంటున్నారు. నిజమేనా?

గుర్తుండేది తిట్టు. ఆ రోజు ఎవరు చూశారో, ఎవరు నవ్వారో, మీరు ఎక్కడ నిలబడ్డారో ఏళ్ల తరబడి గుర్తుంటుంది. పొటాషియం ఎంత వేగంగా ఇవ్వాలన్నది మాత్రం గుర్తుండదు. భయంలో మనసు దేని మీద నిలిస్తే అదే లోపల ముద్ర పడుతుంది, తిట్టేవాళ్లు మీ మనసును పేషెంట్ మీద నుంచి తమ మీదికి లాగేసుకుంటారు.

దీని వల్ల పేషెంట్లకూ నష్టమే. 1990లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లు లెక్కిస్తే, మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. తరచి చూస్తే వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగినవాటిని దాచడం లేదు. భయపెట్టే బృందాల్లో తప్పులు బయటికే రావడం లేదు. క్యాజువాలిటీలో దాచిన తప్పు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

అయితే ప్రాణం మీదికి వచ్చినప్పుడు "తప్పుకో!" అని అరవడం వేరు, కించపరచడం వేరు. మొదటిదాన్ని మనసులో పెట్టుకోకండి. కేసు సద్దుమణిగాక వెళ్లి, "అన్నా, ఇందాక నేను ముందు ఏం చేసి ఉండాల్సింది?" అని అడగండి. 36 గంటలు నిద్ర లేని పీజీ కూడా ఈ ప్రశ్నకు చాలాసార్లు మెత్తబడతారు. కులం, ఊరు, యాస, రిజర్వేషన్, ఒళ్లు, ఆడపిల్ల అనే మాటలు వస్తే అది బోధన కాదు. ఎన్‌ఎంసీ 2021 ర్యాగింగ్ నిరోధక నిబంధనల కింద కాలేజీ కమిటీ ఉంటుంది, లైంగిక వేధింపులకు 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉంటుంది. తేదీ, సమయం, ఎవరెవరు ఉన్నారన్నది అదే రోజు రాసిపెట్టుకోండి.

తెలియకపోయినా తెలుసన్నట్టు తల ఊపేస్తున్నా. అడిగితే చులకన అవుతానేమో?

"నేను ఇది ఇంతకుముందు చూశాను కానీ చేయలేదు. ఒకసారి పక్కన ఉంటారా మేడమ్?" ఈ ఒక్క వాక్యం చాలు. మీరు ఎంతవరకు వచ్చారో అవతలివాళ్లకు తెలుస్తుంది, ఎక్కడ సాయం కావాలో తెలుస్తుంది. అడిగినందుకు చులకన చేసేవాళ్లు దొరకొచ్చు, దొరికినా ఆ మాట పడటమే మేలు. పేషెంట్ ఖర్చుతో పరువు కాపాడుకోకూడదు.

ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసు రికార్డు) ముందు రాయాలా, ట్రీట్‌మెంట్ ముందా? పోలీసు వచ్చేదాకా ఆగాలా?

ట్రీట్‌మెంటే ముందు. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చి చెప్పింది: ప్రమాదంలో గాయపడ్డ మనిషికి వైద్యం చేయడానికి ఏ లాంఛనమూ అడ్డు రాకూడదు. రిజిస్టరులో ఎంట్రీ, పోలీసు అవుట్‌పోస్టుకు ఇంటిమేషన్ తప్పనిసరే, కానీ ఏబీసీ చూశాకే. గాయాలు రాసేటప్పుడు కొలత, చోటు, అంచులు రాయండి, మీ ఊహలు వద్దు. సీఎంఓ (క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసర్) చూడకుండా సంతకం పెట్టకండి.

పేషెంట్ తాలూకు జనం చుట్టుముట్టి అరుస్తుంటే చేతులు వణుకుతున్నాయి. ఎలా మాట్లాడాలి?

ముందు ఒక్కరిని ఎంచుకోండి. "మీలో ఆయనకు దగ్గరివాళ్లు ఎవరండీ? మీరు రండి, నేను మీకు చెబుతాను, మీరు మిగతావాళ్లకు చెప్పండి." గుంపు నుంచి ఒక మనిషిని విడదీస్తే ఆ మనిషి తిరిగి తమ్ముడో, కూతురో అవుతారు. ఇప్పుడు ఏం చేస్తున్నామో, తర్వాత ఏం చేస్తామో, మళ్లీ ఎప్పుడు వచ్చి చెబుతామో చెప్పండి. చెప్పిన టైముకు కొత్త విషయం లేకపోయినా వెళ్లి కనిపించండి. గొడవలు ఎక్కువగా లేచేది గంటసేపు ఎవరూ ఏమీ చెప్పనప్పుడే.

బయటికి దారి మీ వెనక ఉండేలా నిలబడండి. చెయ్యి లేచే సూచన కనిపిస్తే వాదన ఆపి తప్పుకోండి, సెక్యూరిటీని, అవుట్‌పోస్టును పిలవండి. వైద్యులపై దాడి చేస్తే శిక్ష వేసే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే వచ్చింది. మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఫిర్యాదు ఆసుపత్రి తరఫున వెళ్లాలి. హౌస్ సర్జన్‌ను ఒంటరిగా స్టేషన్‌కు పంపడం సరికాదు, అలా పంపితే మీ అసోసియేషన్‌కు చెప్పండి.

సూది గుచ్చుకుంది. ఎవరికీ చెప్పాలని లేదు. ఏం చేయాలి?

చెప్పండి, ఇప్పుడే. సబ్బు, నీళ్లతో కడగండి, పిండొద్దు, గట్టిగా రుద్దొద్దు. డ్యూటీ డాక్టర్‌కు చెప్పి ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీ చికిత్స కేంద్రం) సలహా తీసుకోండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. కోర్సు 28 రోజులు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు పోస్టింగ్‌కు ముందే పూర్తి అయ్యాయో లేదో చూసుకోండి.

రాత్రంతా నిలబడ్డాక పొద్దున్న వార్డు పని కూడా చేయమంటున్నారు. ఈ అలసటలో ఏం నేర్చుకుంటాం?

చాలా తక్కువ. పగలు చూసింది జ్ఞాపకంగా కుదురుకునేది నిద్రలోనే, కాబట్టి నిద్ర తీసేస్తే చూసిన కేసు కూడా సగం పోతుంది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03 శాతం వరకే. అమెరికాలో 2004లో వచ్చిన అధ్యయనంలో, 24 గంటలు దాటే డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు ఐసీయూల్లో చేసిన తీవ్రమైన పొరపాట్లు, తక్కువ గంటలు చేసినవాళ్లకంటే దాదాపు 36 శాతం ఎక్కువ.

ఎన్‌ఎంసీ నియమించిన జాతీయ టాస్క్‌ఫోర్స్ 2024లో రెసిడెంట్లకు వారానికి 74 గంటలు మించకూడదని, వారానికి ఒక రోజు సెలవు ఉండాలని సిఫార్సు చేసింది. అది సిఫార్సుగానే ఉంది. అమలు చేయాల్సిన బాధ్యత కాలేజీలది, "మా కాలంలో ఇంతకంటే ఎక్కువ చేశాం" అనేది జవాబు కాదు.

మీ చేతిలో ఉన్నది కొంచెమే. నైట్‌కు ముందు మధ్యాహ్నం పడుకోండి. తెల్లవారుజామున పని తగ్గినప్పుడు తోటివాళ్లతో వంతులేసుకుని 20 నిమిషాలు కన్నుమూయండి. ఒక నీళ్ల బాటిల్, రెండు అరటిపళ్లు బ్యాగులో ఉంచుకోండి. నైట్ అయ్యాక బైక్ మీద ఇంటికి వెళ్లొద్దు. ఆటో ఎక్కండి, లేదా డ్యూటీ రూములో గంట పడుకుని వెళ్లండి.

## డ్యూటీ అయ్యాక

ఇన్ని కేసులు చూస్తున్నా ఏమీ మిగలడం లేదు. ఎలా రాసుకోవాలి?

ఇంటికి వెళ్లేముందు ఒకే కేసు ఎంచుకోండి. వచ్చినప్పుడు నేనేమనుకున్నాను, తర్వాత ఏమని తేలింది, మళ్లీ ఇలాంటిదే వస్తే మొదటి 5 నిమిషాల్లో ఏం చేస్తాను. ఇంతే రాయండి. వీలైతే వెళ్లేముందు దాన్నే పీజీకో, సీఎంఓకో రెండు నిమిషాల్లో చెప్పండి, వాళ్లు ఒక వాక్యం సరిచేస్తారు, అదే అసలైన పాఠం. పేషెంట్ పేరు, ఐపీ (అడ్మిషన్) నంబరు రాయొద్దు. ఎక్స్‌రే అయినా సరే, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

నా చేతుల కింద పేషెంట్ చనిపోయారు. కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. నేనేమైనా తప్పు చేశానా?

సీపీఆర్ మొదలుపెట్టే సమయానికే గుండె ఆగిపోయి ఉంది. మీరు చేసింది వెనక్కి తేవడానికి ప్రయత్నం, అది చాలామందిలో ఫలించదు, ఎంత బాగా చేసినా. అయినా పక్కటెముక విరిగిన చప్పుడు, తల్లి ఏడుపు, ఆ మనిషి చెప్పులు మంచం కింద అలాగే ఉండటం మనసులో నిలిచిపోతాయి. మీకు జాలి ఉందని దాని అర్థం.

ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడండి. నిజానికి టీమ్ లీడరే కేసు అయిపోగానే అందరినీ పక్కకు పిలిచి, ఏం జరిగింది, ఏది బాగా చేశాం, ఏది మార్చుకోవాలి, ఎవరికైనా ఇబ్బందిగా ఉందా అని 5 నిమిషాలు మాట్లాడాలి. వాళ్లు పిలవకపోతే మీరే అడగొచ్చు. మాట్లాడాలని లేనివాళ్లను బలవంతం చేయకూడదు, బలవంతంగా అంతా చెప్పించడం మేలు చేయదని పరిశోధనల్లో తేలింది.

పొరపాటు జరిగి ఉంటే ఆ బరువు వేరు. పొరపాటు వల్ల కుంగిపోయే వైద్యుడిని రెండో బాధితుడని ఆల్బర్ట్ వూ అనే అమెరికా వైద్యుడు 2000లో రాశారు. మొదటి బాధితులు పేషెంట్, ఆ కుటుంబం అన్నది మరువకుండానే మీకూ సాయం అందాలి. నమ్మకమున్న సీనియర్‌తో కేస్ షీట్ ముందు పెట్టుకుని ఒకసారి మొత్తం చూడండి. ఊహల్లో తప్పు రోజురోజుకూ పెరుగుతుంది, కాగితం మీద అది ఉన్నంతే ఉంటుంది.

మొదటి కొన్ని రోజులు నిద్ర చెదరడం మామూలే. నెల దాటినా పీడకలలు వస్తుంటే, ఆ గదిలోకి అడుగుపెట్టలేకపోతుంటే సైకియాట్రీ డాక్టర్‌ను కలవండి.

చనిపోయారని ఇంటివాళ్లకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఎలా చెప్పాలి?

ఒక్క హౌస్ సర్జన్ మీద వదిలేయాల్సిన పని కాదు. పీజీనో, సీఎంఓనో తోడు రమ్మనండి. రాలేకపోతే సిస్టర్‌ని పక్కన పెట్టుకోండి. వరండాలో కాదు, ఒక మూల అయినా కూర్చోబెట్టి, మీరూ కూర్చుని చెప్పండి. "మంచి కబురు కాదండీ" అని ఒక క్షణం ఆగి, "నాన్నగారు చనిపోయారు" అని స్పష్టంగా చెప్పండి. "ఎక్స్‌పైర్ అయ్యారు" అంటే అర్థంకాక "మరి ఎప్పుడు తగ్గుతుంది?" అని అడిగినవాళ్లున్నారు. చెప్పాక మాట్లాడకుండా కాసేపు అక్కడే ఉండండి. కాగితాల సంగతి తర్వాత.

## పోస్టింగ్ ముగిశాక

ఈ డ్యూటీలతో నీట్ పీజీ చదువు మొత్తం పోతోంది. క్యాజువాలిటీలో టైమ్ వేస్ట్ చేసుకోవాలా?

పోటీ ఎంత ఉందో తెలిసే చెబుతున్నా: ఈ రెండు వారాలు కొత్త సబ్జెక్టు మొదలుపెట్టకండి. చూసిన ఒక్కో కేసుకూ అదే రోజు పది ప్రశ్నలు చేయండి. డ్యూటీ టేబుల్ కింద ఫోన్‌లో ప్రశ్నలు చేస్తూ పేషెంట్‌ను చూస్తే రెండూ చెడతాయి.

పోస్టింగ్ అయిపోయి నెలైనా దేని మీదా ఆసక్తి లేదు, ఊరికే ఏడుపొస్తోంది. సైకియాట్రీకి వెళితే రికార్డులో పడి కెరీర్ పోతుందా?

పోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతోంది. సొంత కాలేజీలో ఇబ్బందిగా అనిపిస్తే బయట డాక్టర్‌ను చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మీరొక్కరే ఇలా ఉన్నారనుకోకండి. 2024 టాస్క్‌ఫోర్స్ సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే రేపటిదాకా ఆగొద్దు. ఇప్పుడే ఒక స్నేహితుడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఆ నంబరుకు ఫోన్ చేయండి, లేదా మీ క్యాజువాలిటీకే వెళ్లండి. రూమ్మేట్ అలాంటి మాట అంటే తేలిగ్గా తీసేయకండి, ఒంటరిగా వదలకండి.

ఎమర్జెన్సీ మెడిసిన్ తీసుకోవాలనుంది. ఇంత టెన్షన్ పడే నేను తట్టుకోగలనా?

2009లో మన దేశంలో ప్రత్యేక విభాగంగా గుర్తింపు వచ్చిన బ్రాంచ్ ఇది, మంచి డాక్టర్ల అవసరం చాలా ఉంది. పోస్టింగ్ మొదటి రోజుకూ చివరి రోజుకూ మీ టెన్షన్ ఎలా మారిందో చూసుకోండి. పేషెంట్ రాగానే దడ వచ్చినా చేతులు పనిలో పడ్డాయంటే మీకు సరిపోతుంది. చివరి రోజు వరకు ప్రతి డ్యూటీకి ముందు వాంతి వచ్చేలా ఉంటే, వేరే బ్రాంచ్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు నేనే పీజీని. హౌస్ సర్జన్లకు ఎలా నేర్పితే భయపడకుండా నేర్చుకుంటారు?

మొదటి రోజు పేరు అడగండి, "ఓయ్ ఇంటర్న్" అనొద్దు. డ్యూటీ మొదట్లోనే "ఇవాళ ఏం నేర్చుకోవాలనుంది?" అని అడిగి, ఆ పని వచ్చినప్పుడు వాళ్లను పిలవండి. మొదటిసారి మీరు చేస్తూ చెప్పండి, రెండోసారి వాళ్లతో చెప్పించుకుంటూ మీరు చేయండి, మూడోసారి వాళ్లు చేస్తుంటే పక్కన నిలబడండి. "మీకు తెలియనప్పుడు నన్ను లేపండి, తిట్టను" అని చెప్పండి, రాత్రి మూడింటికి లేపినప్పుడు ఆ మాట నిలబెట్టుకోండి. కార్డియాక్ అరెస్ట్ కేసులో కంప్రెషన్లకు వాళ్లను పెట్టినప్పుడు, వాళ్ల కంటికి కనిపించేలా ఎదురుగా నిలబడి లెక్కపెట్టండి.